ఎగ్జాస్ట్ వేడిని అంకెగా బట్టీ పట్టించవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి పైలట్ శిక్షణకు వెళ్తున్న పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పిస్టన్ ఇంజిన్ విమానంలో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను ఎన్ని డిగ్రీల దగ్గర నిలపాలని వారు అడుగుతారు. దీనికి ఒక అంకె చెప్పి పంపడం తప్పు. వేడిని కొలిచే థర్మోకపుల్‌ను ఎగ్జాస్ట్ గొట్టంలో సిలిండరుకు ఎంత దూరాన బిగించారన్నదాన్ని బట్టి రీడింగు మారుతుంది, ఒకే ఇంజిన్‌లోని నాలుగు సిలిండర్లూ నాలుగు రకాలుగా చూపవచ్చు. పైలట్ గమనించవలసింది వేడి ఎక్కడ పీక్‌కు, అంటే గరిష్ఠ స్థాయికి, చేరింది, ప్రస్తుతం మనం దానికి ఏ వైపున, ఎంత దూరంలో ఉన్నాం అన్నదే.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కానీ, కార్బురేటరు ఇంధనాన్ని ఆ మేరకు తగ్గించదు కనుక మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే గాలికి తగినదానికన్నా ఇంధనం ఎక్కువవుతుంది. అప్పుడు మిశ్రమంలో ఇంధనాన్ని తగ్గించే ఎర్ర నాబ్‌ను మెల్లగా వెనక్కి లాగితే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతూ పోయి, పీక్‌ను తాకి, ఇంకా లాగితే తగ్గడం మొదలవుతుంది. ఎక్కువ శక్తి కావాలంటే పీక్‌కు సుమారు 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఇవతల, రిచ్ వైపున ఉండాలి. పొదుపు కావాలంటే పీక్ దగ్గర గానీ, ఇంజిన్ వణకకుండా నడిచేటట్లయితే పీక్ దాటి 20 నుంచి 50 డిగ్రీల అవతల గానీ ఉండవచ్చు.

ఇంధనం తగ్గిస్తే ఇంజిన్ కాలిపోతుందన్న భయం మన పిల్లల్లో బాగా నాటుకుపోయింది. అధిక శక్తితో నడిచేటప్పుడు ఆ భయం సమంజసమే, ఎందుకంటే అక్కడ డిటొనేషన్, అంటే సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలే ప్రమాదం ఉంది. విమాన ఇంజిన్లు తయారుచేసే లైకమింగ్ సంస్థ కూడా క్రూయిజ్‌లో, అంటే నిలకడగా ఎగిరేటప్పుడు, 75 శాతం లేదా అంతకన్నా తక్కువ శక్తి దగ్గరే లీన్ చేయమంటుంది, అంటే ఇంధనం తగ్గించమంటుంది. అయితే సిలిండర్ హెడ్ అత్యంత వేడెక్కేది పీక్ దగ్గర కాదు, దానికి 40, 50 డిగ్రీల ముందు, రిచ్ వైపునే. భయపడి నాబ్‌ను సగంలో ఆపేసిన విద్యార్థి, తప్పించుకోవాలనుకున్న వేడిలోనే ఇంజిన్‌ను నిలబెట్టినవాడవుతాడు. అలాగని ఎప్పుడూ రిచ్‌గా ఉంచడమూ మేలు కాదు. 100 ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలులో సీసం ఉంటుంది కనుక, నేల మీద రిచ్ మిశ్రమంతో చాలాసేపు నడిపితే ప్లగ్గులకు మడ్డి పడుతుంది. బైకు మెకానిక్ ప్లగ్గు విప్పి, నల్లటి మసి చూసి, మిశ్రమం రిచ్‌గా ఉందని చెప్పడమూ ఇలాంటిదే.

మన రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులోనే ఉంది. అయినా 42 డిగ్రీల సెల్సియస్ ఎండ కాసే మే నెలలో అక్కడి గాలి, ప్రామాణిక లెక్క ప్రకారం, 3,500 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. ఎత్తును చూపే ఆల్టీమీటరు ఈ సంగతి చెప్పదు. కాబట్టి ఫలానా ఎత్తు దాటేదాకా ఎర్ర నాబ్ ముట్టుకోవద్దన్న సూత్రాన్ని మాత్రమే నేర్పితే సరిపోదు, గాలి సాంద్రతను లెక్కకట్టడమూ నేర్పాలి. టేకాఫ్ విషయంలో మాత్రం సొంత ప్రయోగం పనికిరాదు, ఆ విమానపు హ్యాండ్‌బుక్ చెప్పిందే పాటించాలి.

ఈ జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులకు నాదొక విన్నపం. హీట్ బ్యాలెన్స్ పరీక్షలో మన విద్యార్థులు ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను వృథా అయిన వేడి లెక్క కోసం రికార్డులో రాసి వదిలేస్తున్నారు. పెట్రోలు ఇంజిన్ రిగ్ మీద వేగాన్ని, లోడును మార్చకుండా మిశ్రమాన్ని మాత్రమే మారుస్తూ ఆ రీడింగులతో ఒక గ్రాఫు గీయించండి. అటువంటి గ్రాఫును తెలుగు వివరణతో మీ విద్యా పేజీలో ప్రచురించవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెకానికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
తిరుపతి