దెయ్యానికీ లెక్కలుంటాయి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ సాహిత్యం పేజీలో ఒక పాఠకుడి లేఖ వేశారు. నవ్వించే దెయ్యం ప్రేమకథలు గుట్టలు గుట్టలుగా వచ్చి పడుతున్నాయనీ, వాటికి పరిశోధన అక్కర్లేదనీ, లాజిక్ అసలే అక్కర్లేదనీ, తీరిక దొరికితే ఎవరైనా రెండు రోజుల్లో ఒకటి రాసి పారేయొచ్చనీ ఆయన తేల్చేశారు. ఆ గుట్టలో నావీ కొన్ని ఉన్నాయి. ఆయన మీద కోపమేమీ లేదు. పరిశోధన లేదన్నారు, ఊరుకున్నాను. జీవితానుభవం లేదన్నారు, దెయ్యంగా బతికిన అనుభవం నాకు లేదు కాబట్టి ఒప్పుకున్నాను. లాజిక్ అక్కర్లేదన్న మాట దగ్గరే ప్రాణం చివుక్కుమంది. ఎందుకంటే నా రాత బల్ల దగ్గర జరిగే పనిలో ముప్పాతిక వంతు అదే.

దెయ్యం గోడలోంచి దూరి వెళ్తుంది. సరే. మరి నేలలోంచి కిందికి ఎందుకు జారిపోదు? మూడో అంతస్తులో హీరోయిన్ పక్కన నిలబడి ఆరాధనగా చూస్తున్న ఆత్మ, లెక్క ప్రకారమైతే రెండో అంతస్తు వాళ్ల మంచం మీద తేలాలి. సోఫాలో ఎలా కూర్చుంటుంది? కారెక్కితే కారుతోపాటు కదులుతుందా, కారు వెళ్లిపోయాక రోడ్డు మీదే మిగిలిపోతుందా? భయపెట్టే కథలో ఇవి ఎవరూ అడగరు. భయపడుతున్న మనిషికి లెక్కలు అడిగే ఓపిక ఉండదు. నవ్వుతున్న పాఠకుడు మాత్రం తీరిగ్గా ఉంటాడు, అన్నీ అడుగుతాడు. అందుకే ప్రతి కథకీ ముందు ఒక నోట్‌బుక్ తెరుస్తాను. ఎడమ పేజీలో దెయ్యం చేయగలిగినవి, కుడి పేజీలో చేయలేనివి. నేను పగలు ఒక ఆఫీసులో లెక్కలు చూసే మనిషిని. రెండు వైపులా సరిపోకపోతే నిద్ర పట్టదు.

ఇప్పుడు రాస్తున్న కథలో దెయ్యం వస్తువుల్ని కదపగలడు, కోపం వచ్చినప్పుడు మాత్రమే. అంటే హీరోయిన్ కిందపడేసుకున్న కళ్లజోడు ప్రేమగా అందించాలన్నా, ముందు ఎవరి మీదో ఒకరి మీద మండిపడాలి. వందేళ్ల కిందట తనకు అప్పు ఎగ్గొట్టినవాణ్ని గుర్తు చేసుకుంటాడు పాపం. కొన్నాళ్లకు ఆ అప్పు మీద కోపం అరిగిపోతుంది. కొత్త కోపం కోసం ఆమెనే ఏదో ఒకటి అనమని బతిమాలతాడు. ఆమెకేమో అప్పటికి ఆయన్ని తిట్టాలనిపించదు. చూశారా, ఆ ఒక్క నిబంధన నాకు సగం పుస్తకం రాసిపెట్టింది. నవ్వు అందులోంచే వచ్చింది, ప్రేమా అందులోంచే వచ్చింది. ఎడమ పేజీలో ఏమీ లేకపోయినా కథ నడుస్తుంది. కుడి పేజీ ఖాళీగా ఉంటే మాత్రం నడవదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పురూరవుడి దగ్గర ఉండడానికి ఊర్వశి పెట్టిన షరతులు గుర్తు చేసుకోండి. నా పొట్టేళ్లు రెండూ పడక పక్కనే ఉండాలి, నువ్వు బట్టల్లేకుండా నా కంటపడకూడదు అంది. గంధర్వులు రాత్రిపూట పొట్టేళ్లను ఎత్తుకుపోయారు. ఆమె లబోదిబోమంది. ఈయన ఉన్నపాటున లేచి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే మెరుపు మెరిసింది. ఊర్వశి మాయం. వాళ్లిద్దరి సంవాదం రుగ్వేదం పదో మండలంలోనే ఉంది. పొట్టేళ్లు, మెరుపు, బట్టల్లేని మహారాజు. ఈ సీను నేను రాసి పంపితే "మరీ చవకబారు హాస్యం" అని తిప్పి పంపుతారని పందెం.

మన పెద్దన మాత్రం? పదహారో శతాబ్దంలో, రాయలవారి కొలువులో కూర్చుని, ప్రవరుణ్ని కాలికి లేపనం పూసి హిమాలయాలకు పంపించాడు. మంచుకు లేపనం కరిగిపోయింది. ఇల్లు చేరే దారి లేదు. ఎదురుగా దివ్యస్త్రీ. ఈయన దారి అడుగుతాడు. ఆమె, అంతేసి కళ్లున్నాయి కదా, దారి ఇంకొకరిని అడగడమెందుకని చమత్కరిస్తుంది. ఆ తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి వేషం వేసుకుని వచ్చి, దగ్గరికి తీసుకునే వేళ కళ్లు మూసుకోవాలని ఆమెకే షరతు పెడతాడు. మానవాతీత స్త్రీ, మనిషి మీద మనసు, పనిచేయని మంత్రం, మారువేషం, షరతు. నేను రోజూ కుస్తీ పట్టే సరుకంతా అక్కడే ఉంది. పెద్దనతో నన్ను పోల్చుకోవడం లేదండీ, అంత పొగరు లేదు. ఈ సరుకు తక్కువ రకమంటేనే అభ్యంతరం.

నవ్వు సంగతికొస్తే, దెయ్యం పల్టీలు కొడితే నవ్వు రాదు. దాన్ని చూసి ఎదుటి మనిషి ఏం చేస్తాడన్న దగ్గర వస్తుంది. ఆస్కార్ వైల్డ్ 1887లో రాసిన 'కాంటర్‌విల్ దెయ్యం'లో శతాబ్దాల నాటి దెయ్యం అర్ధరాత్రి గొలుసులు ఈడ్చుకుంటూ వస్తుంది. ఇంటాయన తలుపు తీసి, ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదు, గొలుసులకు ఈ నూనె రాసుకోండి అని సీసా అక్కడ పెట్టి వెళ్లిపోతాడు. దెయ్యానికి జరిగిన అవమానం చూసి మనకు దాని మీద జాలి కూడా పుడుతుంది. జాలి పుట్టిన చోట ప్రేమకథకు జాగా దొరుకుతుంది. అది నేర్చుకోవడానికి ఆ కథ ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

టైమింగ్ ఇంకో తలనొప్పి. భయానికీ నవ్వుకీ ఒకే యంత్రాంగం. పాఠకుడి ఊపిరి కాసేపు బిగబట్టించి వదలాలి. జోకు ఒక్క వాక్యం ముందు పడితే భయం చస్తుంది, ఒక్క వాక్యం ఆలస్యమైతే జోకు చస్తుంది. ప్రేమ మాట చెప్పే చోట మరీ కష్టం. అక్కడ పంచ్ వేయాలని చెయ్యి దురద పెడుతుంది. వేస్తే పాఠకుడు క్షమించడు. మనసు విప్పిన మనిషిని చూసి నవ్వినట్టవుతుంది. అందుకని ప్రతి చాప్టర్‌నీ మా అక్కకి ఫోన్‌లో చదివి వినిపిస్తాను. తను నవ్విన చోటు కన్నా, "ఊఁ" కొట్టడం ఆపేసిన చోటు నాకు ముఖ్యం. ఒకసారి మధ్యలో ఆపి, "ఏమే, నీ దెయ్యం పగలంతా ఏం చేస్తుంటాడు? పనీపాటా లేదా?" అంది. నిజమే మరి. ప్రేమించడం తప్ప పని లేని మగవాణ్ని ఏ ఆడది భరిస్తుంది? ఆ దెయ్యానికి అప్పటికప్పుడు ఒక వ్యాపకం పెట్టాను. పక్కింటి పిల్లాడి లెక్కల హోంవర్క్‌లో తప్పులు వెతుకుతూ ఉంటాడు. దిద్దలేడు, పెన్సిల్ పట్టుకోవాలంటే కోపం రావాలి. ఆ పిల్లాడి గుణకారాలు చూశాక అదేమంత కష్టం కాలేదు.

ఇంకో సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. కనిపించని మగవాడు ఆడపిల్ల గదిలో తిరుగుతుంటే అది సరదా అని చాలాకాలం చెల్లిపోయింది. నాకు సరదాగా అనిపించదు. నా దెయ్యాలు గదిలోకి రావాలంటే ముందు పలకరించాలి, వద్దంటే బయటే ఉండాలి. గోడ అడ్డం కాదు కాబట్టే మర్యాద అడ్డం కావాలి. తెల్ల దొరల రక్తపిశాచులకు కూడా పిలవందే గడప దాటకూడదన్న కట్టుబాటు ఉంది, మనవాళ్లు ఆ మాత్రం పాటించలేరా? ఈ నియమం వల్ల హాస్యం తగ్గుతుందని ఒక ప్రచురణకర్త అన్నారు. తలుపు అవతల నిలబడి, తట్టడానికి చెయ్యి ఆనక, "నేనొచ్చాను... ఇక్కడే ఉన్నాను... చలేం వేయడం లేదనుకోండి" అంటూ గంటసేపు గొణిగే దెయ్యాన్ని రాసి చూపించాను. ఆయన నవ్వారు. వాదన అక్కడితో సరి.

అన్నిటికన్నా ప్రాణం తీసేది ముగింపు. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఈ జానర్‌కు రెండే లక్షణాలు చెప్పింది. కథ నడుమ ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తిగా, ఆశగా ఉండాలి. బాగానే ఉంది. కానీ ఇద్దరిలో ఒకరు మొదటి పేజీకే పోయారు కదా! ఏం చేయాలి? చనిపోలేదు, కోమాలో ఉన్నాడని చెప్పి లేపేయొచ్చు. రెండో చాప్టర్‌కే పాఠకులు పసిగట్టేస్తారు. ఆమెను కూడా చంపి కలపొచ్చు. అది నేను రాయను, ఎవరెంత అడిగినా రాయను. ఏ రాత్రి ఎవరు ఏ మనసుతో చదువుతారో మనకేం తెలుసు? పునర్జన్మ అంటారా, హీరో మళ్లీ పుట్టి పాతికేళ్లవాడయ్యేసరికి ఇరవై ఎనిమిదేళ్ల హీరోయిన్‌కు యాభై మూడొస్తాయి. చాలామంది రచయితలు ఆ కూడిక వేయరు. నేను వేయకుండా ఉండలేను, వృత్తి అలాంటిది.

ఇక మిగిలింది, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచడం. ఆమె పెద్దదవుతుంది, అతను ముప్ఫై రెండు దగ్గరే ఆగిపోయి ఉంటాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, అతనికి మోకాళ్లే లేవు. "పెద్దదాన్ని, నా మాట విను" అని ఆమె అంటుంది. పుట్టిన తేదీ తీస్తే తనే వందేళ్లు పెద్దనని అతను గొడవపడతాడు. ఈ కథకు నేను ఎంచుకున్న దారి ఇదే. చివరి సీనులో కళ్లజోడు మళ్లీ కిందపడుతుంది. అతను కోపం తెచ్చుకోకుండానే అందుకుంటాడా అన్నది ఇంకా నాకే తేలలేదు. అందుకుంటే పాఠకురాలు కళ్లు తుడుచుకుంటుంది, నా నోట్‌బుక్‌లో కుడి పేజీ మాత్రం అబద్ధమైపోతుంది. ప్రస్తుతం నేనూ నోట్‌బుక్కూ మాట్లాడుకోవడం లేదు.

ఇదంతా చావుతో పరాచికాలు కాదా అని మీ పాఠకుడు లేఖ చివర అడిగారు. అవును, పరాచికాలే. భర్త పోయిన ఒకావిడ నాకు ఉత్తరం రాశారు. పొగడ్త కాదు, ఫిర్యాదు. "మీ దెయ్యం గురక పెట్టడేం? మావారు పెట్టేవారు. గురక పెట్టని మగవాడు పక్కన ఉన్నాడంటే నేను నమ్మలేను" అని. ఊపిరి లేనివాడికి గురక ఎలా పెట్టించాలో తెలియక చాలా తిప్పలు పడ్డాను. చివరికి, ఊపిరి లేకపోయినా అలవాటు కొద్దీ గురక పెడతాడని తేల్చి, హీరోయిన్‌ చేత దాన్ని విసుక్కునేలా రాశాను. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1941లో నోయెల్ కవర్డ్ లండన్‌లో ఒక నాటకం వేయించాడు, 'బ్లైద్ స్పిరిట్' అని. చచ్చిపోయిన మొదటి భార్య తిరిగొచ్చి భర్తకు మాత్రమే కనిపిస్తుంది. ఆయన ఆమెను విసుక్కుంటే, తననే అంటున్నాడని రెండో భార్య అలుగుతుంది. ఆ నాటకం 1,997 సార్లు ఆడింది. ఇళ్లలో చావులు చూస్తున్న జనమే టికెట్లు కొన్నారు. వాళ్లను చావుతో పరాచికాలాడారని ఎవరంటారు?

రచయితగా నా రోజువారీ కష్టాల్లో చిన్నవి చాలా ఉన్నాయి, వాటితో మీ పేజీ నింపను. దెయ్యాన్ని చూశారా అని అడుగుతారు. లేదంటే నిరాశపడతారు. మా ఇంట్లో ఒకటి ఉంది, వదిలిస్తారా అని ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. అర్ధరాత్రి దీపం పెట్టుకుని రాస్తాననుకుంటారు. నాకు చీకటంటే భయం. తెల్లారి వెలుతురొచ్చాక, ఆఫీసుకు బయల్దేరేలోపు రాస్తాను.

ఇక మీకు నా మనవి. పుస్తక సమీక్షల పేజీలో ఇలాంటి నవలలు వచ్చినప్పుడు "కాలక్షేపం" అన్న శీర్షిక కింద నాలుగింటిని కలిపి నాలుగేసి వాక్యాల్లో తోసేస్తున్నారు. అందులోనూ రెండు వాక్యాలు కవర్ బొమ్మ గురించే. కవర్ మేం వేయం. ప్రేమకథ అని చెప్తే చందమామ కింద జంటను వేస్తారు, దెయ్యం అని చెప్తే నెత్తుటి చెయ్యి వేస్తారు. నెత్తుటి చెయ్యి చూసి కొన్న ఒకాయన, పుస్తకమంతా చదివినా ఒక్కరూ చావలేదని నన్ను నిలదీశారు. పుస్తకాన్ని దాని పద్ధతిలోనే తూచండి. నవ్వొచ్చిందా, ఆ ఇద్దరి మధ్య ప్రేమను నమ్మగలిగారా, మొదట పెట్టిన నిబంధన చివరిదాకా నిలబడిందా? మూడూ లేకపోతే ఉతికి ఆరేయండి, నాదైనా సరే. ఒక్కటి మాత్రం వద్దు. మొన్నటి సమీక్షలో, హీరో దెయ్యమని నూట పదో పేజీలో తెలిసే రహస్యాన్ని మీ సమీక్షకుడు మొదటి వాక్యంలోనే చెప్పేశారు. అది నా పుస్తకం కాదు. అయినా ఆ రచయిత్రి తరఫున నాకు ఏడుపొచ్చింది.

ఈ లేఖ వేస్తే నా పేరు వేయకండి. ఆఫీసులో నేను చాలా సీరియస్ మనిషినని అందరూ నమ్ముతున్నారు, ఆడిట్ అయ్యేదాకా అలాగే నమ్మనివ్వాలి.

ఇట్లు,
ఒక దెయ్యాల రచయిత్రి