కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మా అక్కకు ఫిజియోథెరపీ ఇప్పించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది మైలిన్ పొర దెబ్బతిని, మెదడు పంపిన సంకేతం కాళ్లకు సరిగా అందదు. పిక్కలు కర్రల్లా బిగుసుకుపోతాయి. ఫిజియోథెరపిస్ట్ తన చేతులతో పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి, పిక్కను సాగదీసి, నడుము పట్టి నిలబెట్టి అడుగులు వేయించిన నెలల్లో అక్క గోడ ఆసరాతో వంటింటి దాకా నడిచేది. దీనితో జబ్బు నయం కాదని మాకు తెలుసు. కానీ ఒకరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్లగలగడం ఆడమనిషికి చిన్న విషయం కాదండీ.

మా ఏరియా ఆసుపత్రిలో ఆ పోస్టు ఖాళీ అయ్యాక అదీ పోయింది. ఇప్పుడు అమ్మే ఎత్తి కూర్చోబెడుతోంది. మూడు అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యంగా గుర్తించింది. పునరావాస సేవల బాధ్యతను 27వ సెక్షన్ ప్రభుత్వాలపైనే ఉంచింది.

దయచేసి వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్ట్‌ను పంపండి. ఉదయం వేళ కేటాయించండి, వేడికి ఈ రోగుల నీరసం ఇంకా పెరుగుతుంది. ఏ తేదీ నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక తమ్ముడు