కాలనీ సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశం తర్వాత కార్యవర్గం పదకొండుసార్లు కూర్చుంది. దోమల మందు, వీధి దీపాలు, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది మూడో వీధి మలుపులో పిల్లలకు కట్టించిన స్కేట్‌బోర్డు (నిలబడి దొర్లించే నాలుగు చక్రాల చెక్క) జాగా గురించే.

"బోర్డులేసుకుని గుడి మెట్ల మీద గెంతుతున్నారు, ఆపించండి" అని పోయినేడు ఇక్కడే ఫిర్యాదు వచ్చింది. ఆపించడం మన వల్ల కాలేదు. ఆ నెలలోనే మూడో వీధికి సీసీ రోడ్డు, సైడు కాలువ మంజూరయ్యాయి. సియాటిల్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చిన మన రిటైర్డ్ ఇంజినీరు గారు ఒక మాట అన్నారు. ఆ ఊరు 2007లోనే స్కేట్ పార్కులకు ప్లాను వేసుకుంది. అందులో అన్నిటికంటే చిన్న రకం స్కేట్ డాట్, 1,500 చదరపు అడుగుల లోపు. దారి పక్కన ఒక్క దిమ్మ ఉన్నా లెక్కే. మన మలుపులో చెత్త పోసే మూల అందుకు సరిగ్గా సరిపోయింది.

విశాఖ బీచ్ రోడ్డు వుడా పార్కులో స్కేటింగ్ రింకు ఉందిగా అని కొందరన్నారు. అది కాళ్లకు చక్రాలు కట్టుకునే స్కేటింగుకి. బోర్డు పిల్లలకు గట్టు, చిన్న వాలు కావాలి. పైగా ఎనిమిదేళ్ల వాణ్ని రోజూ బీచ్ రోడ్డుకు ఎవరు తీసుకెళ్తారు? టోక్యో ఒలింపిక్స్ స్కేట్‌బోర్డింగ్‌లో బంగారు పతకం కొట్టిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియాకు అప్పటికి పదమూడేళ్లే అన్నాక పెద్దలు కాస్త మెత్తబడ్డారు.

రోడ్డు అంచనాలో ఆ మూల కలిపించడానికి కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగాం. "స్కేటింగా? ఫైలు స్పోర్ట్స్ వాళ్లకు పంపండి" అన్నారు. పంపితే "ఇది రోడ్డు పని" అని తిరిగొచ్చింది. రోడ్డు వేసేటప్పుడే కలిపితే నాలుగు బస్తాల తేడా, తర్వాత అడిగితే అదో కొత్త ప్రాజెక్టు. ఈ ముక్క వాళ్లకు అర్థమయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ప్రారంభం నాడు ఫొటోలో మాత్రం అందరూ ఉన్నారు.

కాంక్రీటు పోసిన రోజు మేస్త్రీ అలవాటుకొద్దీ చీపురుతో గీతలు లాగబోతే ఇంజినీరు గారు పరుగున వెళ్లి ఆపారు. బోర్డు చక్రం ఇంచుమించు రెండంగుళాలే, చిన్న రాయి తగిలినా పిల్లాడు బోర్లా పడతాడు. అందుకే నున్నగా రుద్దించాం. అడుగెత్తు గట్టు అంచుకు ఇనుప యాంగిల్ బిగించాం, లేకపోతే వారంలో పెచ్చులూడేది. కాంక్రీటు గట్టిపడకముందే కుక్క నడిచిన అడుగులు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు వాటిని చెరపనివ్వలేదు.

కాంక్రీటు తడిపే పనికి పేర్లిచ్చినవాళ్లు ఇరవై ఇద్దరు. వచ్చినవాళ్లు ఐదుగురు, అందులో ముగ్గురు బోర్డు పిల్లలే. గోనెసంచులిచ్చిన కిరాణా కొట్టు యజమానికి, నీళ్లిచ్చిన మూలింటి అమ్మగారికి, యాంగిల్ ఉచితంగా వెల్డింగ్ చేసిన తమ్ముడికి, ఓపిగ్గా రెండోసారి రుద్దిన మేస్త్రీకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

గుడి మెట్లు ఇప్పుడు ఖాళీ. పూజారి గారే చెప్పారు.

జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి, కోశాధికారి గారు చదువుతారు. గట్టుకు, యాంగిల్‌కు చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి ఈ నెలలో కట్టండి.

ఐదో వీధి అంచనా త్వరలో వేస్తారట. అక్కడ నీళ్ల ట్యాంకు పక్కన జాగా ఉంది. ఈసారి ఆఫీసుకు నాతోపాటు ఇద్దరు రావాలి. సమావేశం అయ్యాక టీ ఉంది, కుర్చీలు సర్దడానికి నలుగురు ఆగండి.

– కార్యదర్శి