దేవునూరు దిక్కు మమ్ముల ఆదుకున్నోళ్లందరికీ దండాలు

జర పొడుగు పోస్టు, ఓపిక చేసుకొని చదువున్రి. మొన్న ఆదివారం దేవునూరు పక్కన ఇనుపరాతి గుట్టల కాడ ఒక తమ్ముడు సైకిల్ మీదికెళ్లి పడితే మా సైకిల్ గ్యాంగుకు సాయం చేసినోళ్లకు అందరి ముందట థాంక్స్ చెప్పాలని రాస్తున్న. వాళ్లల్ల సగం మందికి ఫోన్ల ఇవన్నీ చూసే తీరిక ఉండదు, ఆ ఊరోళ్లు ఎవరన్న చూస్తే జర చదివి వినిపియ్యున్రి.

మా సంగతి తెల్వనోళ్లకు ముందుగాల ఒక ముక్క. మాది క్లబ్బు కాదు, ఫీజు లేదు, టీషర్టు లేదు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ దోస్తులం, బ్యాంకుల చేసేటోళ్లున్నరు, ఒక సారున్నడు, మెడికల్ షాపాయన, ఇంజినీరింగ్ పిలగాండ్లు, గట్ల. శనివారం రాత్రి నేను వాట్సాప్‌ల మెసేజ్ పెడ్త, తెల్లారి ఐదున్నరకు కాజీపేట చౌరస్తాల ఎవరొస్తే వాళ్లం బయల్దేరుతం. తొవ్వ ఎరికున్నోడు ముందట, పంపు ట్యూబులు పట్టుకొని ఒకడు అందరి ఎనుక, నడుమ ఎవరిష్టం వాళ్లది. రేసు గీసు ఏం లేదు, ఎవరన్న ఆగితే అందరం ఆగుడే.

మడికొండ దాటి ధర్మసాగర్ చెరువు, అంటే దేవాదుల లిఫ్టు నుంచి గోదావరి నీళ్లు ఎక్కొచ్చి పడేది, ఆడ జరసేపు కూసొని దేవునూరు దిక్కు పోవుడు మాకు అలవాటే. గుట్టల అంచుకు బండ్లబాట ఉంటది, మొరం, రాళ్లు, నడుమనడుమ ఇసుక, మౌంటెన్ బైకు కొన్నోనికి ఇంతకంటె ఏం గావాలె. టైర్ల గాలి ముప్పై పీఎస్ఐ దాక పెట్టుకుంటం, రోడ్డు మీద లెక్క గట్టిగ కొట్టుకుంటే మొరం మీద ఎగిరెగిరి పడ్తది. పంచర్లకు మాత్రం కొదువ లేదు, సర్కారు తుమ్మ ముండ్లు ఒకపక్క, పల్లేరుగాయలు ఒకపక్క.

ఇప్పుడు వడ్లు ఆరబోసే కాలం గద, ఊరి బయట రోడ్డు సగం వడ్లే. మేం దిగి సైకిళ్లు నడిపించుకుంట పోతుంటే ఆడ వడ్లు తిరగేస్తున్న కాకా ఒకాయన మమ్ముల జూసి నవ్విండు, కార్లోళ్లు కూడ గింత మర్యాద చెయ్యరు బిడ్డా అన్నడు. మా సుట్టము గాదు పక్కము గాదు, ఆ కాకనే తర్వాత మా కోసం వడ్లు ఆడనే ఇడిచిపెట్టి ఉరికొచ్చిండు.

జరిగిందేందంటే గుట్ట దిగేటప్పుడు మా గ్యాంగుల అందరికంటె చిన్నోడు, ఇంజినీరింగ్ తమ్ముడు, ఒక ఊడిపోయిన రాయి మీద ముందటి చక్రం జారి భుజం మీద పడ్డడు, వాని ఎనుక వస్తున్న మెడికల్ షాపాయన తప్పియ్యబోయి బండకు గీస్కపోయిండు, ఆయనకేం కాలే గని సైకిల్‌ది ఎనుక గేర్ల హ్యాంగర్, అంటే గేర్ల భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, ఇరిగింది. తమ్ముని హెల్మెట్ పగిలింది, తల బచాయించింది. ఫోన్ల సిగ్నల్ లేదు. సారు ఒక బండరాయి మీదికి ఎక్కి ఫోన్ పట్టుకొని చెయ్యి పైకి లేపి నిలబడ్డంక ఒక గీత వచ్చింది, 108కు కలిసింది.

కాక ఊర్లెకు కబురు పంపితే ఆశా వర్కర్ అక్క టీవీఎస్ మీద వచ్చింది. ఆ అక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. రాంగనే మమ్ముల అందర్ని దూరం జరగమన్నది. తమ్ముని పేరు, ఊరు, ఇయ్యాల ఏం వారం అని అడిగింది, కక్కొస్తుందా, కండ్లు మసకగ ఉన్నయా, మెడ నొస్తుందా అన్నది. ఏళ్లు కదిలియ్యమన్నది, ఒక్కో ఏలు ముట్టి తెలుస్తుందా అని చూసింది. అప్పుడు తన చున్నీ తీసి మెడకు ఉయ్యాల లెక్క కట్టి చెయ్యి దాంట్ల పెట్టింది, ఇంకో చీరముక్క తెప్పించి ఆ చెయ్యిని ఛాతికి ఆనిచ్చి కట్టింది, కదలకుంట. మా గ్యాంగుల ఎవరో బాటిల్ల గ్లూకోజ్ కలుపుతుంటే ఆపింది, ఆపరేషన్ గిట్ల పడితే మత్తిస్తరు, కడుపుల ఏం ఉండొద్దు అని. మేం ఇంత చదువుకొని ఒక్కనికి కూడ ఆ ముచ్చట యాదికి రాలే. దవఖానల డాక్టరు ఆ కట్టు చూసి, ఎవరు కట్టిన్రు, మంచిగ కట్టిన్రు అన్నడు. అక్కా, ఈ మాట నీకు చేరాలనే ప్రత్యేకంగ రాస్తున్న.

ఇంక అంబులెన్స్. 108 అన్నకు మ్యాపుల ఆ బాట కనవడలే, రోడ్డు మీదనే ఆగిండు. మేకలు కాస్తున్న పిలగాడు ఒకడు, ఎనిమిదో తరగతి అంట, తాతకు మేకలు అప్పజెప్పి మా సారు సైకిల్ అడిగి తీస్కొని తొక్కుకుంట పోయి అంబులెన్స్‌కు ముందట నడిచి తోల్కొచ్చిండు. సీటు అందక నిలబడే తొక్కిండు, మేం దిగి నడిపిచ్చే ఇసుకల వాడు దిగనేలేదు!

తమ్మునికి కాలర్ బోన్ ఇరిగింది, ఆపరేషన్ అక్కరలేదన్నరు, చెయ్యి కట్టుతోనే ఆరు వారాలు. వాళ్ల అమ్మ నన్ను ఒక మాట అనలే, ఛాయ్ పోసింది, అదే జర కష్టమనిపిచ్చింది. అమ్మా, నీకు గూడ దండాలు.

మిగిలిన సైకిళ్లు రెండు ఎట్ల తేవాలె అని చూస్తుంటే సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు దించి ఖాళీగ వస్తున్న ట్రాక్టరన్న ఆపిండు, కింద గడ్డి పరిచి ట్రాలీల పెట్టుకొని ధర్మసాగర్ దాక తెచ్చిండు. డీజిల్‌కన్న తీస్కో అన్నా అంటే, పడ్డోని దగ్గర పైసలు తీసుకుంటరా అని కసిరిండు.

ధర్మసాగర్ల ఒక చిన్న సైకిల్ షాపున్నది, వెనకట గంటల లెక్క కిరాయికి సైకిళ్లు ఇచ్చిన తాత. ఆ హ్యాంగర్ అనేది అల్యూమినియం ముక్క, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అదే ఇరగాలనే పెడ్తరు, ఒక్కో సైకిల్‌కు ఒక్కో తీరు, మన దగ్గర దుకాణాలల్ల దొరుకుడు కష్టం, ఆన్‌లైన్‌ల తెప్పిచ్చుకోవాలె. గేర్ల సైకిల్ నేనెన్నడు ముట్టలే అనుకుంటనే తాత దాన్ని చుట్టూ తిరిగి చూసిండు, ఇరిగిన గేరు భాగం మొత్తం ఇప్పి సంచిల ఏసిండు, చైన్ కొన్ని లింకులు తీసి పొట్టిగ చేసి నడిమి పండ్లచక్రం మీద ఎక్కిచ్చి మల్ల బిగిచ్చిండు. సుత్తె, మొల, ఒక ఇనుప దిమ్మె, అంతే. ముప్పై వేల సైకిల్ మా తాతల సైకిల్ అయిపోయింది, మెడికల్ షాపాయన దాని మీదనే కాజీపేట దాక తొక్కుకుంట వచ్చిండు. తాత అడిగింది యాభై రూపాలు.

మా గ్యాంగుల కొందరి ఇండ్లల్ల ఇప్పుడు ఇగ ఈ గుట్టలెక్కుడు బంద్ చేయున్రి అంటున్నరు, వాళ్ల భయం వాళ్లది. బంద్ అయితే చెయ్యం గని హెల్మెట్ లేనోన్ని మాత్రం చౌరస్తాల నుంచే వాపస్ పంపుత, ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి మంచిగ కనవడ్డా లోపలి ఫోమ్ నలిగి ఉంటది కాబట్టి అది మల్ల పెట్టుకునుడు ఉండదు. ఆశక్క దగ్గరికి మా గ్యాంగు మొత్తం ఒక పూట పోయి కట్టు కట్టుడు నేర్చుకుంటం, అక్క ఒప్పుకున్నది.

వచ్చే ఆదివారం మల్ల అటు దిక్కే పోతున్నం, గుట్ట ఎక్కం, ఊరి దాకనే. కాక వడ్లు ఇంక ఎత్తకపోతే బస్తాలకు నింపుట్ల చెయ్యేస్తం అని మాటిచ్చినం, చేతనైనోళ్లు రాండ్రి. మేకల కాడి పిలగానికి మా సారు కొడుకు పాత సైకిల్, ఇరవై నాలుగు అంగుళాలది, తయారు చేస్తున్నం, బ్రేకులు వైర్లు అయినయి, ఎనుక టైరే మొత్తం అరిగిపోయి ఉన్నది. ఎవరింట్లనన్న ఆ సైజు టైర్ మంచిది ఖాళీగ పడి ఉంటే శనివారం లోపల చెప్పున్రి, నేనే వచ్చి తీస్కపోత.