ఏ పనికి ఎవరిని అడగాలె

తల్లిదండ్రులందరికీ నమస్తే,

ఈ నెల లేఖల చదువుల ముచ్చట తక్కువ, పనుల ముచ్చట ఎక్కువ. మన బడి రెండో ఏట్ల పడ్డది, పిల్లలు పెరిగిన్రు, పనులు అంతకంటె ఎక్కువ పెరిగినయ్, అందుకే ఈ జులై సంది ఒక్కో పని ఒక్కొక్కరికి పూర్తిగ అప్పజెప్తున్నం. "మేడం, అన్ని మీరే చూసుకోకుంటె ఎట్ల" అని కొందరు అప్పుడే అడిగిన్రు. అడగాల్సిన మాటే.

చిన్న బడి పెట్టుడంటె బోర్డు కట్టి క్లాసులు మొదలువెట్టుడు ఒక్కటే కాదు కదా. గుర్తింపు ఫైలే చూడుండ్రి, బిల్డింగ్ గట్టిగున్నదని ఇంజనీర్ సర్టిఫికెట్, శానిటరీ సర్టిఫికెట్, ఫైర్ వాళ్ల కాగితం, అవి పట్టుకొని ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు, డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు తిరుగుడు, తర్వాత సర్కారు ప్రతి బడికి ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్, ఇగ ఏడాదేడాది పిల్లల వివరాలు ఒక్కొక్కటి ఆన్‌లైన్ల ఎక్కించుడు, ఆధార్ల పేరు ఒక తీరు, బర్త్ సర్టిఫికెట్ల ఇంకో తీరు ఉంటె మళ్ల మీకు ఫోన్. ఈ కాగితాల పనంత ఇప్పుడు ఆఫీస్ల అకౌంట్స్ చూసే తమ్మునిది. లాగిన్ గూడ అతని దగ్గరనే ఉన్నది. టీసీ, బోనఫైడ్ కావాల్నంటె సీదా అతన్నే అడుగుండ్రి, నన్నడిగితె నేను మళ్ల పోయి అతన్నే అడగాలె.

పని ఇచ్చినప్పుడు దాని మీద నిర్ణయం గూడ ఇయ్యాలె అనేది నా లెక్క. ప్రతి చిన్నదానికి "మేడం, ఇది చెయ్యాల్నా" అని నా రూముకు వస్తె ఆ పని ఇంక నా నెత్తి మీదనే ఉన్నట్టు. పెండ్లిల వంటల కాడ కూసున్నాయన ఉప్పు ఎంతెయ్యాలె అని పెండ్లిపిల్ల నాయినను పోయి అడగడు. అందుకే పని తీసుకున్న ప్రతి టీచర్‌కి 2000 రూపాయల దాక నన్నడగకుండ ఖర్చు పెట్టే వీలిచ్చినం, బిల్లు రిజిస్టర్ల అంటిస్తె చాలు. అంతకంటె ఎక్కువైతె ఇద్దరి సంతకాలు పడాలె.

అన్నిట్ల కష్టమైంది ఆటోలు, వాన. 2023 జులైల మన హన్మకొండల హంటర్ రోడ్డు పక్క కాలనీలు, నయీంనగర్ ఎట్ల మునిగినయో మనందరం చూసినోళ్లమే. కలెక్టర్ గారు సెలవు ఇస్తె ఆ ముచ్చట వేరు. సెలవు లేని రోజు మధ్యాహ్నం మబ్బువట్టి దంచికొడితె పిల్లలను తొందరగ పంపాల్నా, బడిలనే ఉంచాల్నా అనేది ఇప్పటి సంది ఆటలు నేర్పే పీఈటీ సార్ చెప్తడు. ఏ గల్లీల నీళ్లు ఆగుతయో, ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఎప్పుడు జామ్ అయితదో ఆయనకు తెల్సు, ఆటో డ్రైవర్లందరు ఆయన ఫోన్ ఎత్తుతరు. ఆయన ఆపమంటె నేను గూడ ఆగాల్సిందే. మీరు నాకు ఫోన్ చేసి "సార్ పంపుతలేడు, మీరు జర చెప్పుండ్రి" అంటె నేను చెప్పను, ఏమనుకోవద్దు. నేను ఒక్కసారి ఆయన మాట దాటితె రేపటి సంది ఏ డ్రైవర్ గూడ ఆయన మాట వినడు, అప్పుడు ఆ పని ఆయనకు ఇచ్చి లాభమే లేదు.

లైబ్రరీ తెలుగు మేడంది, సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి నాటి భాషా దినోత్సవం గూడ ఆమెదే. అయితె టీచర్లకు పనులు ఊకె మీదేసుడు నాకు నచ్చదు. 2009 విద్యాహక్కు చట్టంల టీచర్‌కి వారానికి 45 గంటలని రాసిన్రు, అందుల పాఠం తయారు చేసుకునే టైం గూడ కలిసే ఉన్నది. కొత్త పని ఇస్తె పాతది ఏదో ఒకటి తియ్యాలె, అందుకే మేడంకి వారంల రెండు పీరియడ్లు తగ్గించినం, అవి నేను చెప్త. నాలుగో తరగతి పిల్లలు నన్ను ఎట్ల భరిస్తరో చూడాలె.

ఇగ మీ వంతు. సర్కారు బడుల మేనేజ్‌మెంట్ కమిటీల ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే ఉండాలె, మొత్తంల సగం మంది ఆడవాళ్లు ఉండాలె అని అదే చట్టం చెప్తది. 2024ల మన రాష్ట్ర సర్కారు ఆ బడుల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి రిపేర్ పనులు మహిళా సంఘాలకు అప్పజెప్పిన్రు. మనసొంటి ప్రైవేట్ బడికి ఆ కమిటీ రూల్ లేదు, అయినా పద్ధతి మంచిదే అనిపించింది నాకు. దసరా సెలవుల ముందు బడిల ఆడే బతుకమ్మ పూర్తిగ అమ్మలకే ఇస్తున్నం, తంగేడు, గునుగు తెచ్చుడు సంది ప్రసాదం దాక. మేం గ్రౌండ్ ఊడ్పిచ్చి మైక్ పెట్టిస్తం, అంతే. కరెంటు పని, ప్లంబింగ్ తెల్సిన నాన్నలు ఉంటె వాళ్లతోని గూడ పని ఉన్నది, పైసలు ఇస్తం, ఫ్రీగ అడుగుతలేం.

నేను ఎవ్వరికీ ఇయ్యనివి కొన్ని ఉన్నయ్. టీచర్లను తీసుకునుడు, క్లాసుల వెనక కూసుండి పాఠం చూసుడు, పిల్లల భద్రత. పిల్లను ఎవరన్న కొట్టిన్రన్నా, తప్పుగ ముట్టుకున్నరన్నా ఆయమ్మకో క్లాస్ టీచర్‌కో చెప్పి ఊరుకోవద్దు, రాత్రయినా సరే నాకే ఫోన్ చెయ్యుండ్రి. పిల్లల మీద లైంగిక దాడులను ఆపే 2012 పోక్సో చట్టం ప్రకారం, తప్పుగ ముట్టుకున్న ముచ్చట తెల్సినోళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలె, బడి పేరు పోతదని దాచుడు అనేది మన దగ్గర ఉండది. 1098 చైల్డ్‌లైన్ నంబర్ గేటు కాడ రాపిచ్చినం.

వచ్చే శనివారం పొద్దున 10 గంటలకు మీటింగ్. ఏ పని ఎవరిదో నంబర్లతో సహా కాగితం పిల్లల డైరీ చివరి పేజీల అంటించినం, రాకెట్లు చేస్తరు, జర చూసుకోండ్రి.

మీ
హెడ్ మేడం, హన్మకొండ