పారబోసే ముందు ఒక్క ఫోన్ చెయ్యరా!

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గంటన్నర కష్టపడి వండిన కూర, కారం ఎక్కువైందని గిన్నెడూ సింకులో పోసేశావా? ఒక్క ఫోన్ కొట్టలేకపోయావా? సరిగ్గా అదే గోతిలో కిందటి ఆదివారమే పడి లేచాన్రా నేను. ఇంకెప్పుడూ పారబోయకూడదని నీకు బుద్ధి చెబుదామని ఇంత పొడుగు ఉత్తరం మొదలెట్టాను. టీ పెట్టుకుని కూర్చో.

ఆ రోజు మా ఇంటికి ఆరుగురు భోజనానికి వస్తున్నారు. బంగాళాదుంపలు, శనగలు వేసి కూర చేస్తున్నాను. పాత కారం అయిపోయి, కొత్త ప్యాకెట్ విప్పాను. పాతది నెలల తరబడి డబ్బాలో ఉండి ఉండి చప్పబడిపోయింది, మూడు చెంచాలు వేస్తేగానీ తెలిసేది కాదు. చెయ్యి అలవాటు కొద్దీ కొత్తది కూడా మూడు చెంచాలు వేసింది. పైగా రంగు కాస్త లేతగా ఉందే అని ఇంకో అర చెంచా! రంగుకీ ఘాటుకీ సంబంధం లేదని, ఎర్రదనం ఇచ్చే పదార్థం వేరు, మండించేది వేరని అప్పుడు గుర్తుంటేగా.

చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. ముందు ఏమీ అనిపించలేదు. ఉప్పు సరిపోయిందా అని ఆలోచిస్తుండగా నాలుక వెనక నుంచి మొదలైందిరా బాబూ... గొంతు, చెవులు, నడినెత్తి. ఎక్కిళ్లు. గబగబా నీళ్లు తాగితే ఇంకా పాకింది.

ఆ టెన్షన్‌లో ఏం చేశానో చెప్తే నవ్వుతావు. రెండు చెంచాల చక్కెర గుమ్మరించాను. కారం కారంగానే ఉంది, పైన తీపి వచ్చి కూర్చుంది. తర్వాత రెండు గ్లాసుల నీళ్లు పోశాను. ఈసారి పల్చగా, తియ్యగా, కారంగా మూడు రకాలా చెడింది. అప్పుడు పొయ్యి ఆపేసి ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి తెలివైన పని అదే. చక్కెర అసలు పనికిరాదని కాదు, చిటికెడు వేస్తే మంట కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. నేను వేసింది చిటికెడు కాదు కదా!

అసలు సంగతేమిటంటే, మిరపలో మండించేది కాప్సైసిన్ అనే పదార్థం. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. ఎంత ఉడికించినా ఎక్కడికీ పోదు, నీరు ఇగిరిపోయే కొద్దీ కూర ఇంకా ఘాటెక్కుతుంది. ఇది గుర్తొచ్చి కూర వైపు చూద్దును కదా, పైన ఎర్రగా నూనె తేలి ఉంది. కారంలో చాలా భాగం అందులోనే ఉంది! గిన్నె కింద ఒక పక్క గరిటె కాడ పెట్టి వాల్చాను. నూనంతా మెల్లగా జారి ఒక మూలకు చేరింది. చెంచాతో నిదానంగా తీస్తే ఐదారు చెంచాలు వచ్చింది. పారబోయలేదు, చిన్న సీసాలో పోసి పెట్టాను.

దాంతో సగం పని అయింది. మిగతా సగానికి దగ్గరి దారి లేదురా. వేసిన కారాన్ని వెనక్కి తీయలేం, ఎక్కువ కూరలోకి పంచగలం, అంతే. ఇంకో పొయ్యి మీద ఉల్లిపాయలు, టమాటాలు వేయించి, ఉడికిన దుంపలు, శనగలు వేసి, కారం అన్నది తగలకుండా అంతే కూర మళ్లీ వండి అందులో కలిపేశాను. రెండు పచ్చి దుంప ముక్కలు పడేస్తే కారం పీల్చేస్తాయని నీకు ఎవరో చెప్పారన్నావు చూడు, అది ఉత్త మాట. దుంప పీల్చేది గ్రేవీని, అందులో కారం ఎంతో ఉప్పూ అంతే. తీసి పక్కన పెడితే మిగిలిన గ్రేవీ ఎప్పటిలాగే మండుతుంది. కూరలోనే ఉంచి తింటే మటుకు లాభమే, కూర పెరిగింది కాబట్టి.

చివర్లో పెరుగు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ఒకసారి కుతకుతలాడే కూరలో ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు పోస్తే మొత్తం విరిగి తెల్లటి పలుకులు తేలాయి. ఈసారి పెరుగు గిలక్కొట్టి, అందులోనే రెండు గరిటెల వేడి గ్రేవీ కొద్దికొద్దిగా కలిపి, గోరువెచ్చగా అయ్యాక, పొయ్యి ఆపేసిన కూరలో పోశాను. పాలలో, పెరుగులో ఉండే కేసిన్ అనే ప్రోటీన్ కాప్సైసిన్‌ను పట్టుకుంటుంది. నోరు మండితే నీళ్లకన్నా పాలు మేలనేది అందుకే. పెరుగు పడనివాళ్లకు కొబ్బరి పాలో, జీడిపప్పు ముద్దో వెయ్యొచ్చు. ఆఖరున నిమ్మరసం పిండి, ఉప్పు మళ్లీ చూసుకున్నాను. కూర రెట్టింపయ్యాక పాత ఉప్పు ఏ మూలకీ రాదు.

ఇప్పుడు అసలు కామెడీ. నాలుగైదు సార్లు రుచి చూసి, "అబ్బ, సరిపోయింది" అనుకున్నాను. మా ఆవిడ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. పదే పదే కారం తగిలితే నాలుక మొద్దుబారుతుందట, నాకు తెలిస్తే కదా! ఇంకాస్త పెరుగు పడింది. అందుకే చెప్తున్నా, రుచి ఇంకొకరి చేత చూపించు.

ఇంకో మాట. మనం "నోరు మండుతోంది" అంటాం చూడు, అది నూటికి నూరుపాళ్లూ నిజంరా. 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మన నరాల్లో ఉంది, కాప్సైసిన్ కూడా దాన్నే తట్టి లేపుతుంది. 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం దాని గుట్టు విప్పింది, 2021లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. అంటే పొగలు కక్కే కూరలో అదే కారం ఇంకా ఎక్కువగా అనిపిస్తుందన్నమాట. నేను కూర అరగంట చల్లారనిచ్చి వడ్డించాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం ఆరుగురికి ఇంత కూర ఎందుకు వండారని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను కిటికీలోంచి బయటకు చూశాను.

ఆ ఎర్ర నూనె సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఈ రెండు మూడు రోజుల్లో వస్తే ఉడకబెట్టిన గుడ్ల మీద నాలుగు చుక్కలు వేసి పెడతాను. పక్కన గ్లాసుడు పాలు కూడా పెడతాలే, భయపడకు.

నీ
వంటగాడు