మంత్రి గారూ, ఆఖరి పాట దాకా ఉండనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది హనుమకొండ. మొన్న చలికాలంలో హైదరాబాద్‌లో ఒక రాక్ కాన్సర్ట్‌కు వెళ్లాను. పదేళ్లుగా ఇయర్‌ఫోన్స్‌లో వింటున్న బ్యాండ్ అది. మధ్యాహ్నమే వెళ్లి లైన్లో నిలబడితే స్టేజీ ముందు బారికేడ్ దగ్గర చోటు దొరికింది. డ్రమ్మర్ కాలితో పెద్ద డ్రమ్ము కొట్టినప్పుడల్లా నా చేతికింద ఇనుప కడ్డీ వణికేది. ఆ వణుకు మోచేతుల గుండా గుండెలోకి వచ్చేది. సింగర్ మైక్ మా వైపు తిప్పితే చరణం మొత్తం మేమే పాడాం. పక్కనున్న అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఇద్దరం ఒకే లైను దగ్గర కళ్లు తుడుచుకున్నాం.

తొమ్మిదింబావుకి బయటికి వచ్చేశాను. ఊరికి ఆ చివరి నుంచి ఉప్పల్ చేరాలి, అక్కడ వరంగల్ బస్సు పట్టుకోవాలి, తెల్లారితే డ్యూటీ. గేటు దాటుతుంటే వెనక నేను ఎదురుచూసిన పాట గిటార్ మొదలైంది. ఆటో ఎక్కేదాకా వినిపిస్తూనే ఉంది.

నా ఒక్కదాని బాధే అయితే మీకు రాసేదాన్ని కాదు. జనగామ, కరీంనగర్, మంచిర్యాల పిల్లలదీ ఇదే కథ. ఆడపిల్లలనైతే ఇంట్లో అసలు పంపరు. వరంగల్ నిట్ ఇంజినీరింగ్ కాలేజీలో ఏటా స్ప్రింగ్ స్ప్రీ అనే సాంస్కృతిక ఉత్సవం జరుగుతుంది, కానీ అది ప్రధానంగా కాలేజీ విద్యార్థుల పండుగ.

2024 నవంబర్‌లో మా ఊళ్లో కాళోజీ కళాక్షేత్రం అనే ఆడిటోరియం ప్రారంభమైంది. చాలా సంతోషం. అయితే రాక్ కుర్చీల్లో కూర్చుని వినేది కాదు. దానికి ఖాళీ మైదానం కావాలి. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఎన్ని బహిరంగ సభలు జరగలేదు! రాక్ కాన్సర్ట్ కోసం ఏడాదికి ఒక్క రాత్రి అది మాకివ్వండి.

రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్న నియమం మంచిదే. మా నాన్నకు బీపీ, ఆ ఇబ్బంది నాకు తెలుసు. కానీ 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఒక వెసులుబాటు ఉంది. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా అనుమతి ఇవ్వొచ్చు. ఆ పదిహేనులో మేం అడిగేది ఒక్కటి. పోలీసు, ఫైర్, కార్పొరేషన్ అనుమతులు ఒకే చోట దొరికేలా చూస్తే బ్యాండ్లను పిలిచేవాళ్లు ముందుకొస్తారు. జనాన్ని ఎలా అదుపు చేయాలని ఎవరైనా అంటే, రెండేళ్లకోసారి మేడారంలో లక్షల మందిని దారి చూపించి ఇంటికి పంపేది మన యంత్రాంగమే కదా. డప్పు దెబ్బకు అడుగు కలుపుతూ పెరిగినవాళ్లం, ఈ సంగీతం మాకు పరాయిది కాదు.

ఇంకొక్క మాట. ఆ రాత్రి కాన్సర్ట్ అయ్యాక కరీంనగర్, ఖమ్మం, మంచిర్యాల వైపు నాలుగు బస్సులు ఉంచండి. లేకపోతే వాళ్లూ నాలాగే తొమ్మిదింబావుకి గేటు వైపు నడవాల్సి వస్తుంది.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక అభిమాని